కాగితానికో పేజీ: ఒక స్కాలర్‌షిప్ ఫారాన్ని మళ్లీ కట్టిన కేస్ స్టడీ

పిలిచినప్పుడు వాళ్లు చెప్పింది ఒకటే మాట: "సైట్ పాతగా ఉంది, కాస్త మోడరన్‌గా చేసిపెట్టండి." ఇంటర్ చదివే పేదింటి పిల్లలకి ఏటా స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టు అది, పేరు ఇక్కడ రాయను. దరఖాస్తులన్నీ వెబ్‌సైట్లోనే తీసుకుంటారు. ఇంకాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొచ్చింది. ఫారం మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది మధ్యలోనే వదిలేస్తున్నారు, దరఖాస్తుల సీజన్ వస్తే ఆఫీసు ఫోను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది, ఆ ఫోన్లు ఎత్తడానికే ఒక మనిషిని పెట్టుకున్నారు.

ఆ ఫోన్లు ఎత్తే ఆవిడతో ఒక పూట కూర్చున్నాను. ఎక్కువగా ఏం అడుగుతారండీ అంటే ఆలోచించకుండా చెప్పారు: "ఫొటో ఎక్కట్లేదంటారు మేడమ్. పేరు తీసుకోవట్లేదంటారు. ఆ తర్వాత ఓటీపీ." అంతే. రంగులు బాలేవని గానీ బ్యానర్ పాతగా ఉందని గానీ ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. అందుకని మోడరన్ సంగతి పక్కన పెట్టి, ముందు ఫారం సంగతి చూద్దామని ట్రస్టు వాళ్లని ఒప్పించాను.

నెట్ సెంటర్లో రెండు రోజులు

ఆఫీసులో కూర్చుని స్క్రీన్లు గీస్తే ఇది తేలదు. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రానికి వెళ్లాను. బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషన్. పిల్లల్లో కొందరు తమ ఫోన్లోనే ప్రయత్నించి కుదరక ఇక్కడికి వస్తారు, కొందరు నేరుగా ఇక్కడికే వస్తారు. యూజబిలిటీ (వాడేవాళ్లకి ఒక సైటు ఎంత తేలికగా ఉందో చూసే) రంగంలో అందరికీ తెలిసిన జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు, ఐదుగురితో పరీక్షించినా లోపాల్లో చాలావరకు బయటపడతాయని. నాకు మొదటి అమ్మాయితోనే సగం కనబడ్డాయి.

ఆ అమ్మాయి అమ్మతో కలిసి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, రేషన్ కార్డు. ముందు తన ఫోన్లోనే నింపమన్నాను, నేను పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూశాను. మొదటి కాలమే "మొదటి పేరు". రెండోది "చివరి పేరు". ఆ అమ్మాయి మెమో బయటికి తీసింది, దాని మీద ఇంటిపేరు ముందు ఉంది, అసలు పేరు తర్వాత ఉంది. నెట్ సెంటర్ అతన్ని అడిగింది: "అన్నా, మొదటి పేరంటే ఇంటిపేరేనా? మెమోలో అదే మొదట ఉంది కదా." ఎంత సరైన ప్రశ్న! ఇంగ్లిష్ వాళ్లకి ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి వాళ్ల ఫారంలో ఆ రెండు మాటలకి అర్థం ఉంది. తెలుగు పేరుకి అవి తలకిందులు. ఎవరో ఆ ఫారాన్ని మాటకి మాట తెలుగు చేసి పెట్టారు, అప్పటినుంచి ట్రస్టు రికార్డుల్లో సగం మంది పేర్లు ఒకలా, సగం మందివి ఇంకోలా ఉన్నాయి.

అక్కడ నేను ఇంకోటి కూడా చూశాను, నిజానికి ఈ ప్రాజెక్టు మొత్తానికి అదే ముఖ్యం. పేరు కోసం మెమో తీసింది, చూసి కవర్లో పెట్టేసింది. తర్వాత కాలమ్ ఆధార్ నంబరు, ఆధార్ తీసింది, పెట్టేసింది. తర్వాత పుట్టిన తేదీ, మళ్లీ మెమో. తర్వాత బ్యాంకు పేరు, పాస్‌బుక్. తర్వాత తండ్రి పేరు, మెమోలో ఎలా ఉందో అలా రాయాలని మళ్లీ మెమో. హాల్‌టికెట్ నంబరుకి నాలుగోసారి మెమో. వాళ్లమ్మ పక్కన కవరు పట్టుకుని ఒక్కో కాగితం అందిస్తూ, తీసుకుంటూ ఉంది. ఫారంలో ప్రశ్నల వరస ఆఫీసు రిజిస్టర్లో కాలమ్స్ వరస. ఫారం తయారుచేసేవాళ్లకి అది సహజంగానే ఉంటుంది, వాళ్ల ముందు ఉన్నది రిజిస్టరు కాబట్టి. నింపేవాళ్ల చేతిలో ఉన్నది రిజిస్టరు కాదు, కవరు.

నా మొదటి ప్రయత్నం ఎందుకు కుదరలేదు

తిరిగొచ్చి మొదట కట్టింది ఒక్కో పేజీకి ఒక్కో ప్రశ్న. బ్రిటన్ ప్రభుత్వ సైట్ గవ్.యూకే వాళ్ల పద్ధతి ఇది. చిన్న ఫోన్ మీద, ఫారాలు అలవాటు లేనివాళ్లకి, పేజీకి ఒకటే విషయం పెడితే తడబాటు తగ్గుతుంది. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది, ఇప్పటికీ. పిల్లలు కూడా ఇబ్బంది పడలేదు. కానీ నెట్ సెంటర్ అతను రెండు ఫారాలు నింపి, "మేడమ్, నేను సీజన్లో రోజంతా ఇవే కొడతాను, ప్రతి దానికీ 'తర్వాత' 'తర్వాత' అని నొక్కుకుంటూ కూర్చుంటే ఎట్లా?" అన్నాడు. పైగా అక్కడ నెట్ నెమ్మది, ప్రతి పేజీకి కాసేపు ఆగాలి. స్పందన ఒక సెకను దాటితే మనిషి ఆలోచన తెగుతుందని ఈ రంగంలో ఎప్పటినుంచో చెప్పుకునే మాట, అక్కడ చూస్తే ఒక సెకను కాదు, టీ తాగొచ్చేంత సేపు.

అలాగని పాతలా అన్నీ ఒకే పేజీలో పోస్తే పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. మూడు రోజులు ఇటూ అటూ గీశాక ఆ అమ్మ చేతిలో కవరు గుర్తొచ్చింది. ప్రశ్నకో పేజీ కాదు, కాగితానికో పేజీ. మెమో నుంచి రాయాల్సినవన్నీ ఒక పేజీలో: పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబరు. పాస్‌బుక్ నుంచి రాయాల్సినవి ఒక పేజీలో. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒక పేజీ. చివర ఫొటో, ఫోన్ నంబరు. పేజీ పైన "ఇప్పుడు పదో తరగతి మెమో చేతిలోకి తీసుకోండి" అని ఒక్క వాక్యం, పక్కన ఆ కాగితం ఎలా ఉంటుందో చిన్న బొమ్మ. ఫారం మొదలవ్వకముందే ఏయే కాగితాలు కావాలో ఒక చోట చెప్పేశాం, సగం నింపాక ఇన్‌కమ్ సర్టిఫికెట్ లేదని తెలిసి వెనక్కెళ్లడం కంటే ఘోరం ఇంకోటి లేదు, మీసేవకి వెళ్లి అది తెచ్చుకోవడానికి రోజులు పడుతుంది.

మొత్తం నాలుగు పేజీలు. నెట్ సెంటర్ అతనికి వేగం, పిల్లలకి తేలిక, రెండూ ఒకే వరసలో కుదిరాయి. నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల్లో రెండోది, సిస్టమ్ బయటి ప్రపంచంలా మాట్లాడాలి అనేది. నేను ఏళ్లుగా దాన్ని మాటల గురించి అనుకున్నాను, అంటే కష్టమైన పదాలు వాడొద్దని. అదే సూత్రంలో వరస గురించి కూడా ఉంది, సమాచారం సహజమైన క్రమంలో రావాలని. అది నాకు ఆ కవరు చూశాకే బుర్రకెక్కింది.

పేరు, తేదీ, బ్యాంకు

పేరుకి ఒకే కాలమ్ పెట్టాం: "మెమోలో ఉన్నట్టే మీ పూర్తి పేరు". మొదటిది లేదు, చివరిది లేదు. పాత ఫారంలో 25 అక్షరాలకి మించి పట్టదు. వెంకట సత్యనారాయణ మూర్తి అని ఇంగ్లిష్‌లో రాస్తే ఇంటిపేరు లేకుండానే 28 అవుతుంది. "పేరు తీసుకోవట్లేదు" అన్న ఫోన్లు ఇవే! ఊరి పేరు, చిరునామా తెలుగులో రాయొచ్చన్నాం, అక్కడ ఇంకో చిక్కుంది: మన కంటికి "లక్ష్మి" రెండు అక్షరాలు, కంప్యూటర్‌కి ఏడు. ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. ఇంగ్లిష్‌కి సరిపోయే పరిమితి తెలుగుకి పెడితే సగం చిరునామా దగ్గరే కీబోర్డు మొరాయిస్తుంది. అవసరం లేని పరిమితులన్నీ తీయించేశాను.

పుట్టిన తేదీకి క్యాలెండర్ బొమ్మ ఉండేది. నొక్కితే ఈ నెల తెరుచుకుంటుంది. 17 ఏళ్ల పిల్ల వెనక్కి బాణం నొక్కుకుంటూ పోతే 204 సార్లు నొక్కాలి. ఏడాది మీద నొక్కితే నేరుగా వెళ్లొచ్చు, కానీ అది నొక్కొచ్చని అక్కడ ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. బస్సు టికెట్‌కి క్యాలెండర్ బాగుంటుంది, ఏ రోజు ఏ వారమో చూసుకోవాలి కాబట్టి. పుట్టిన తేదీ అందరికీ నోటికొచ్చేదే. మూడు బాక్సులు పెట్టాం: తేదీ, నెల, ఏడాది. అంకెల కీప్యాడ్ దానంతట అదే వస్తుంది.

పాస్‌బుక్ పేజీలో అందరూ తడబడేది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ దగ్గర. అది మొత్తం 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకుకి గుర్తు, ఐదోది ఎప్పుడూ సున్నానే, చివరి ఆరు బ్రాంచికి. ఆ సున్నాని పిల్లలు ఇంగ్లిష్ ఓ అక్షరం అనుకుని కొడతారు, పాస్‌బుక్ మీద మసక ప్రింటులో రెండూ ఒకేలా ఉంటాయి. పాత ఫారం ఎర్రగా "ఇన్‌వ్యాలిడ్" అనేది, పిల్ల మళ్లీ పాస్‌బుక్ చూసి మళ్లీ ఓ కొట్టేది. ఐదోది సున్నా తప్ప ఇంకోటి కాదని మనకి తెలిసినప్పుడు పిల్లని ఎందుకు తిట్టడం? మనమే దిద్దేయొచ్చు. ఇప్పుడు ఓ కొట్టినా సున్నా అయిపోతుంది, కోడ్ పూర్తవగానే కింద బ్యాంకు పేరు, బ్రాంచి ఊరు కనబడతాయి. అది చూసి "ఆ, మా ఊరి బ్రాంచే" అని తల ఊపి ముందుకెళ్తారు. బ్యాంకు పేరు, బ్రాంచి పేరు అని వేరే రెండు కాలమ్స్ ఉండేవి, వాటితో ఇక పని లేదు. ఫోన్ నంబరుకీ ఇదే పద్ధతి: మధ్యలో స్పేస్ పెట్టినా, ముందు +91 ఉన్నా తీసుకుంటుంది, అనవసరమైనవి తీసేసుకునే పని మెషిన్‌ది.

ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు కొట్టించడం ఉంచాను. డబ్బు వేరే ఖాతాకి పోతే వెనక్కి రావడం మహా కష్టం, అక్కడ కాస్త శ్రమ పెట్టడం న్యాయమే. కాకపోతే అంతకుముందు అది పాస్‌వర్డులా చుక్కల్లో కనబడేది, ఆ చుక్కలు తీసేశాను. తను కొట్టింది తనకి కనబడకపోతే ఎలా సరిచూసుకుంటుంది?

మాటలు, అక్షరాలు

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. తెలుగులో రాయాలన్న ఉత్సాహంలో మొదట "దరఖాస్తుదారుని వివరములు", "ఆదాయ ధ్రువీకరణ పత్రం సంఖ్య", "సమర్పించు" అని రాశాను. ఒక అబ్బాయి ఆ ధ్రువీకరణ పత్రం దగ్గర ఆగిపోయాడు. కవరంతా వెతికాడు. ఆ కాగితం చేతిలోనే ఉంది. నెట్ సెంటర్ అతను చూసి "ఇన్‌కమ్ సర్టిఫికెట్ తమ్ముడూ" అంటే "ఓ అదా" అని రాసేశాడు. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లం ఇలాంటి చోట జాగ్రత్తగా ఉండాలి, ఇంట్లో ఆ కాగితాన్ని ఏమని పిలుస్తారో అదే దాని తెలుగు పేరు. "ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబరు" అని మార్చాను. "సమర్పించు" తీసేసి చివరి బటన్ మీద "ఫారం పంపండి" అని రాశాను, మధ్యలో వాటి మీద "తర్వాత: పాస్‌బుక్ వివరాలు" అని. నొక్కితే ఏమవుతుందో బటన్ మీదే రాసి ఉంటే నొక్కడానికి భయం ఉండదు.

అక్షరాల రూపం గురించి తెలుగు సైట్లు కట్టేవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఇంగ్లిష్ కొలతలతో కట్టిన పెట్టెలో తెలుగు పట్టదు. పాత ఫారంలో "రాష్ట్రం" అన్న మాటలో ట, ర వత్తులు రెండూ కింద కోసుకుపోయేవి, బాక్సు ఎత్తు 32 పిక్సెళ్లకి బిగించేశారు కాబట్టి. మన లిపి పైకీ పోతుంది, కిందకీ పోతుంది. ఎత్తుని బిగించకుండా కనీసం ఇంత అని మాత్రమే చెప్పి, వరసల మధ్య దూరం అక్షరం సైజుకి 1.7 రెట్లు పెట్టాను, అక్షరం 18 పిక్సెళ్లు. ఫాంటు నోటో సాన్స్ తెలుగు. మరీ బొద్దు అక్షరాలు వాడలేదు, చిన్న స్క్రీన్ మీద ఘ, ఝ లాంటివి పూడుకుపోతాయి. కాలమ్ పేర్లు బాక్సు లోపల లేత బూడిద రంగులో ఉండేవి, రాయడం మొదలుపెట్టగానే మాయం. వాటిని బాక్సు పైకి తెచ్చాను. ఆ బూడిద రంగు కోడ్ #999, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద దాని కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా) 2.85 మాత్రమే, మామూలు అక్షరాలకి వెబ్ యాక్సెసిబిలిటీ (చూపు తక్కువవాళ్లతో సహా అందరూ వాడగలగాలనే) ప్రమాణం అడిగేది 4.5. #767676 దాకా ముదురు చేస్తే గానీ ఆ గీత దాటదు. నేను ఇంకా ముదురు వాడాను, ఎండలో బస్టాండు దగ్గర నిలబడి ఫోన్ చూసేవాళ్ల కోసం.

ఫొటో

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. "ఫొటో 50 కేబీ లోపు ఉండాలి." ఈ వాక్యం చదివి ఏం చెయ్యాలో తెలిసిన 16 ఏళ్ల పిల్లలు ఎంతమంది ఉంటారు? ఫోన్లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, అంటే అడిగినదానికి అరవై నుంచి ఎనభై రెట్లు. ఆ అమ్మాయి ఎక్కించింది, "ఫైల్ సైజ్ ఎక్కువ" అంది. వేరే ఫొటో ఎక్కించింది, అదే మాట. వాట్సాప్‌లో అమ్మకి పంపి, మళ్లీ దించుకుని ఎక్కించింది. వాట్సాప్ సైజు తగ్గిస్తుందని ఎవరో ఫ్రెండు చెప్పిందట, ఆ ఆలోచన నిజానికి తెలివైనదే, కానీ 50కి ఇంకా చాలదు. చివరికి నెట్ సెంటర్ అతను తన కంప్యూటర్లో తగ్గించి ఇచ్చాడు, దానికి డబ్బులు తీసుకుంటాడు, తీసుకోవడం తప్పూ కాదు. తప్పు మనది. సైజు తగ్గించడం బ్రౌజరే చెయ్యగల పని: ఫొటోని కాన్వాస్ (బ్రౌజర్లో బొమ్మలు గీసే చోటు) మీద 600 పిక్సెళ్ల వెడల్పుకి గీసి, జేపెగ్‌గా క్వాలిటీ తగ్గించి సర్వర్‌కి పంపడం, రాయడానికి ముప్ఫై లైన్లు పట్టదు. ఏ ఫొటో ఇచ్చినా తీసుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఎంబీలు పంపాల్సిన బాధ కూడా పోయింది.

ఇందులోనూ ఒకటి కింద పడి నేర్చుకున్నాను. బటన్ నొక్కగానే నేరుగా కెమెరా తెరుచుకునేలా పెట్టాను, సులువని. కానీ పిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలు స్టూడియో వాళ్లు వాట్సాప్‌లో పంపినవి, గ్యాలరీలో ఉంటాయి. కెమెరానే తెరుచుకుంటే గ్యాలరీకి దారి లేదు. ఒక పిల్లాడు అమ్మ ఫోన్లో ఉన్న తన ఫొటోని ఇంకో ఫోన్‌తో ఫొటో తీశాడు! ఆ రోజే ఆ సెట్టింగ్ తీసేశాను. ఇప్పుడు ఫోనే అడుగుతుంది, కెమెరానా గ్యాలరీనా అని.

ఓటీపీ, ఆగిపోయిన ఫారాలు

పాత ఫారం మొదట్లోనే ఓటీపీ అడిగేది, రెండు నిమిషాల్లో కొట్టాలి. ఫోన్ నంబరు చాలా ఇళ్లలో నాన్నది. నాన్న పొలంలో ఉంటాడు, లేదా హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. పిల్ల ఫోన్ చేసి "నాన్నా, మెసేజ్ వచ్చిందా చూడు" అంటుంది, ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి మెసేజ్ తెరిచి, ఇంగ్లిష్‌లో ఉన్న పొడుగాటి వాక్యంలో అంకెలు వెతుక్కుని చదివేసరికి టైమ్ అయిపోతుంది. మళ్లీ పంపు. ఈసారి పాత మెసేజ్ చదువుతాడు. ఆ టెన్షన్ నేను చూశాను, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓటీపీని చివరికి తెచ్చాం, పది నిమిషాలు టైమ్ ఇచ్చాం, మెసేజ్‌లో అంకెలే ముందు వచ్చేలా పెట్టి మిగతాది తెలుగులో కుదించాం. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే పడతాయి, అవి కూడా కంప్యూటర్ లెక్కలో, అందుకని రెండు ముక్కల్లోనే చెప్పాలి.

మధ్యలో కరెంటు పోతే నింపిందంతా పోయేది. డ్రాఫ్టుని బ్రౌజర్లోనే దాచేస్తే తేలికే, కానీ నెట్ సెంటర్ కంప్యూటర్ మీద ఒక పిల్ల బ్యాంకు వివరాలు తర్వాత వచ్చేవాళ్లకి కనబడతాయి. అందుకే సర్వర్లో దాచి, మొదటి పేజీ పూర్తవగానే ఒక ఫారం నంబరు పెద్ద అక్షరాల్లో ఇచ్చాం. ఆ నంబరు, పుట్టిన తేదీ కొడితే ఆగిన చోట నుంచి మొదలవుతుంది. తప్పులు చూపించే తీరు కూడా మారింది, ఏ బాక్సులో తప్పు ఉందో దాని కిందే, ఏం చెయ్యాలో చెబుతూ: "హాల్‌టికెట్ నంబరులో ఒక అంకె తక్కువగా ఉంది, మెమో మీద మళ్లీ చూడండి."

ట్రస్టు వాళ్లతో అసలు వాదన ప్రశ్నలు తీసేయడం దగ్గర వచ్చింది. కులం ఎందుకు, మతం ఎందుకు, అన్నదమ్ములెందరు ఎందుకు? "ఎప్పట్నుంచో ఉన్నాయండీ" అన్నారు. ప్రతి కాలమ్‌కీ, ఇది చూసి మీరు ఏ నిర్ణయం తీసుకుంటారు అని అడుగుతూ వెళ్లాను. జవాబు లేని ప్రతిదీ పోయింది. ఆధార్ నంబరు కూడా పోయింది, వాళ్లు దాన్ని దేనితోనూ సరిచూడట్లేదు, ఊరికే దాచుకుంటున్నారు, పిల్లల ఆధార్ నంబర్లు ఊరికే దాచుకోకూడదు. తప్పక అడగాల్సిన పని మీకు పడితే, ఆ 12 అంకెల్లో చివరిది మిగతావాటిని సరిచూసే అంకె, ఒక అంకె తప్పు కొట్టినా బ్రౌజర్లోనే పట్టేసుకోవచ్చు.

ఈ సీజన్లో

ఎంత శాతం పెరిగిందని ఇక్కడ రాయలేను. పాత సైట్లో ఎవరు ఏ పేజీలో వదిలేశారో లెక్క పెట్టుకోలేదు, పోల్చడానికి పాత అంకె లేదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ముందు పాత ఫారానికే ఆ లెక్క పెట్టుకుని, ఒక సీజన్ ఆగి మొదలుపెట్టండి, నేను అలా చెయ్యలేకపోయాను. ఫోన్లు ఎత్తే ఆవిడ మాత్రం ఈసారి ఫొటో గురించి ఫోన్లు దాదాపు లేవన్నారు. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా డబ్బులెప్పుడు పడతాయని.

కొత్త ఫోను ఒకటి మొదలైంది. చాలామంది పిల్లలకి సొంత ఖాతా లేదు, పాస్‌బుక్ అమ్మ పేరు మీద ఉంది. మా పేజీ "మీ ఖాతా నంబరు" అంటుంది. కొందరు అక్కడ ఆగిపోతున్నారు, కొందరు అమ్మది కొట్టేసి తర్వాత భయపడి ఫోన్ చేస్తున్నారు. ట్రస్టు అమ్మ ఖాతాకైనా డబ్బు వేస్తుంది, ఆ మాట పేజీలో ఎక్కడా లేదు. "ఈ పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగి, నాది, అమ్మది, నాన్నది అని మూడు బటన్లు పెట్టాలనుకుంటున్నాను. వచ్చే వారం అదే నెట్ సెంటర్‌కి వెళ్తున్నాను, ఈసారి ఆ ఒక్క పేజీ చూడటానికే.